ఏడో మర్యాద

జూన్ 3, సోమవారం

ఈ నోటుబుక్కు కంపెనీవాళ్ళు ఇచ్చింది. రోజూ నేర్చుకున్నది రాసి వారానికోసారి చూపించాలట. చూపించడానికి ఇంకొకటి కొనుక్కున్నాను. ఇది నాకు.

ఏం రాయాలో తెలియదు. ఐదో తరగతి దాకా మా పల్లెలో చదివాను. అక్షరాలు గుండ్రంగానే వస్తాయి. మాటలే రావు.

సెలూన్ చేతులు మారింది. పాత ఓనరు తాళాలిచ్చేసి వెళ్ళిపోయాడు. కొన్న కంపెనీకి ఇలాంటివి పదకొండు ఉన్నాయట. కుర్చీలు అవే, అద్దాలు అవే, గోడలకు మాత్రం కొత్త రంగు. కిటికీ పక్కన మూడో కుర్చీ నాది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నాది.

జూన్ 4, మంగళవారం

మాకు మర్యాద నేర్పడానికి ఒక మాస్టారు వచ్చాడు. మెడకు టై కట్టుకున్నాడు. ఎవరొచ్చినా ముందు మెడ చూడటం నాకు అలవాటు. ఈయనకు మెడ వెనక జుట్టు ఎగుడుదిగుడుగా ఉంది. ఎవరు కత్తిరించారో గాని చెయ్యి తిరిగినవాడు కాదు. ఆ మాట నేను అనలేదు. అనకూడదు.

ఆయన మాత్రం చాలా అన్నాడు. తలా ఒక చిన్న పుస్తకం పంచాడు. అందులో పన్నెండు మర్యాదలున్నాయి. మనిషి లోపలికి రాగానే శుభోదయం చెప్పాలి. కళ్ళలోకి చూడాలి. పళ్ళు కనబడేలా నవ్వాలి. ఏడోది, పని జరుగుతుండగా "ఇంట్లో అందరూ బాగున్నారా అండీ?" అని అడగాలి. ఎనిమిదోది, ఆయన జవాబు చెప్పాక "చాలా సంతోషమండీ" అనాలి. ఆ మాటలే అనాలి, సొంత కవిత్వం వద్దన్నాడు.

రెండో కుర్చీ అతన్ని అందరం రేడియో అంటాం. నలభై ఏళ్ళవాడు. వీధిలో ఎవరింట్లో చెంబు పడినా ఇతనికి చప్పుడు వినబడుతుంది. నన్ను మామా అంటాడు. పన్నెండే ఎందుకు సార్, నా దగ్గర పాతికున్నాయి, రాసుకోండి అన్నాడు. మాస్టారు అతనిచేతే పదకొండోది చదివించాడు. కస్టమర్ల ముందు పనివాళ్ళు తమలో తాము మాట్లాడుకోకూడదు. చదువుతూ చదువుతూ రేడియో గొంతు కరెంటు పోయినట్టు ఆగిపోయింది.

నాకు ఆ ఒక్క మర్యాద ముందునుంచే వచ్చు.

జూన్ 6, గురువారం

మేనేజరమ్మ పిలిచింది. ఇరవై ఆరేళ్ళ అమ్మాయి. మమ్మల్ని కుర్చీ నంబరుతో పిలుస్తుంది, చివర గారు తగిలిస్తుంది. "మూడో నంబరు గారూ, దయచేసి అన్యథా భావించకండి" అని మొదలుపెట్టింది. అలా మొదలైన మాట ఈ వయసుదాకా నాకు మేలు చేసింది లేదు.

విషయం ఇది. ఈ వీధిలోవాళ్ళనే కొందరిని కంపెనీ ఎంచుకుంది. వాళ్ళు మామూలుగా వచ్చి పని చేయించుకుని వెళ్ళి, కాగితం నింపి పెట్టెలో వేస్తారు. నెలకొక కాగితం, మూడు నెలలు. మూడింటిలో రెండు డెబ్బై మార్కులు దాటితే కుర్చీ నాది. లేకపోతే ఇంటికి. ఆ మార్కుల మనిషి ఎవరో మాకు తెలియకూడదు. తెలిసి అతని దగ్గర ఆ మాట ఎత్తామా, కాగితం చెల్లదు, అతన్నీ తీసేస్తారు, మమ్మల్నీ.

ఈ వయసులో హాయిగా ఇంట్లో కూర్చోక ఏమిటీ పరీక్షలు అంటుంది మా ఆవిడ. ఇంట్లో నా చేతులు వణుకుతాయి. గ్లాసు ఎత్తితే నీళ్ళు ఒలుకుతాయి. చేతి కింద ఒక తల ఉంటేనే వణుకు ఆగుతుంది. ఎందుకో డాక్టరుకూ తెలియదు. ఆ కుర్చీ పోతే ఈ చేతులూ పోతాయి. ఇది మా ఆవిడకు చెప్పలేదు. ఆవిడ ఒలికిన నీళ్ళు తుడుస్తుంది. ఎందుకు ఒలికాయని అడగదు.

జూన్ 9, ఆదివారం

అద్దం ముందు నవ్వు నేర్చుకున్నాను. పళ్ళ మధ్య దువ్వెన అడ్డంగా పెట్టుకోమని టై మాస్టారు చెప్పాడు.

మా ఆవిడ వచ్చి చూసింది. "పన్ను నొప్పా?" అంది. కాదని తలూపాను. దగ్గరికొచ్చి చూసి, మూతి ఒక పక్కకు పోయిందంది. రెండు చేతులూ పైకెత్తమంది. ఎత్తాను. నాలుక బయటపెట్టమంది. దువ్వెన తీసి, "నవ్వుతున్నానే" అన్నాను.

"ఎందుకు?" అంది.

దువ్వెన కడిగి పెట్టేశాను.

జూన్ 10, సోమవారం

పొద్దున ఎనిమిది మందికి శుభోదయం చెప్పాను. ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు, ఇంకెవరొచ్చారోనని.

జూన్ 22, శనివారం

గడియారాలాయన రాలేదు.

ఎదురుగా గడియారాలు బాగుచేసే షాపు ఆయనది. ఇరవై రెండేళ్ళుగా శనివారం విడిచి శనివారం పదిన్నర దాటాక వచ్చి నా కుర్చీలోనే కూర్చుంటాడు. ఇన్నేళ్ళలో మేం పట్టుమని పది మాటలు మాట్లాడుకుని ఉండం. మాట్లాడేది ఆయన భార్య. గుమ్మందాకా వెంట వచ్చి లోపలికి రాకుండా నిలబడి, "అన్నయ్య గారూ, చెవుల దగ్గర కాస్త ఎక్కువ తీయండి, నా మాటలు వినబడట్లేదట ఈయనకి" అని చెప్పి వెళ్ళిపోతుంది. ప్రతిసారీ అదే మాట. ప్రతిసారీ ఆయన కళ్ళు మూసుకుంటాడు. ఆయన నవ్వేది అలాగే.

షాపు మూసి ఉంది. పది రోజులైంది. ఊరెళ్ళి ఉంటారు. రేడియోని అడుగుదామనుకున్నాను. పదకొండోది గుర్తొచ్చి ఊరుకున్నాను. సాయంత్రం బయట అడగొచ్చు. అడగలేదు.

జూన్ 24, సోమవారం

మొదటి కాగితం వచ్చింది. ముప్ఫై ఎనిమిది.

"పని చాలా బాగుంది. మనిషి నవ్వలేదు, పలకలేదు, ఇంటివాళ్ళ గురించి అడగలేదు. నాకు నిద్ర పట్టింది." అని రాసి ఉంది.

నిద్ర పట్టడం మెచ్చుకోలు అనుకున్నాను ఇన్నాళ్ళూ. దానికి మార్కులు తీసేశారు.

ఇక మిగిలిన రెండూ దాటాల్సిందే.

జూన్ 29, శనివారం

మార్కుల మనిషి ఎవరో నాకు తెలిసిపోయింది. నోటుబుక్కాయన. ఈ నెలలోనే రావడం మొదలుపెట్టాడు. తనకు పని లేకపోయినా బెంచీ మీద కూర్చుంటాడు. లోపలికి వచ్చేవాళ్ళనూ పోయేవాళ్ళనూ చూసి ఏదో రాసుకుంటాడు. మనం చూస్తే నోటుబుక్కు మూస్తాడు. ఇంకేం కావాలి.

ఈ రోజు నా కుర్చీలో కూర్చున్నాడు. పన్నెండు మర్యాదలూ చేశాను. అడగకపోయినా తల రుద్దాను. వెళ్ళేటప్పుడు తలుపు తీసి పట్టుకున్నాను. రేడియో అద్దంలోంచి నన్ను చూసి కళ్ళు తేలేశాడు.

జూలై 5, శుక్రవారం

నోటుబుక్కాయన మళ్ళీ వచ్చాడు. మళ్ళీ తల రుద్దాను.

జూలై 14, ఆదివారం

ఏడోది నోటికి రావడం లేదు. కత్తి పట్టుకోగానే మాట వెనక్కి పోతుంది. నాన్న నా చేతికి కత్తి ఇచ్చిన రోజు ఒక్కటే చెప్పాడు. గొంతు మీద కత్తి పెట్టి కుశలం అడగకూడదురా. అది లోపల కూర్చుంది, లేవదు.

అందుకని ఎక్కాల్లాగా వల్లించాను. ఏడూ ఎనిమిదీ కలిపి, ఊపిరి తీసుకోకుండా. మా ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, "ఇంట్లో అందరూ బాగున్నారా అండీ?" అన్నాను.

"ఇంట్లో ఉన్నది మీరూ నేనూ. మీరెలా ఉన్నారో మీరే చెప్పాలి" అంది.

"చాలా సంతోషమండీ" అన్నాను.

ఆవిడ లేచి వెళ్ళిపోయింది. అయినా మంచిదే అయింది. నూరుసార్లు అన్నాక నోరు తిరిగింది. ఇప్పుడు ఏడు అనగానే ఎనిమిది దానంతటదే వస్తోంది, మధ్యలో నేను లేకపోయినా.

జూలై 20, శనివారం

ఒక చిన్న పొరపాటు జరిగింది.

నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు.

జూలై 21, ఆదివారం

చెప్పి ఉండాల్సింది ఎవరో ఒకరు.

జూలై 22, సోమవారం

జరిగింది జరిగినట్టు రాస్తే నాదేం తప్పు లేదని తేలుతుంది. రాస్తాను.

శనివారం గడియారాలాయన వచ్చాడు. నెలన్నరైంది ఆయన్ని చూసి. ఒక్కడే వచ్చాడు. గడ్డం బాగా పెరిగి ఉంది. చొక్కాకు ఒక గుండీ దారానికి వేలాడుతోంది. శుభోదయం చెప్పాను, తలూపి కూర్చున్నాడు. బెంచీ మీద నోటుబుక్కాయన, చేతిలో పెన్ను. కౌంటరు దగ్గర మేనేజరమ్మ. నేను నురుగు పట్టించి కత్తి తీసుకున్నాను. సగం బుగ్గ గీసి గొంతు దగ్గరికి వచ్చాను. అప్పుడు నోటుబుక్కాయన తలెత్తి నా వంకే చూశాడు.

నేను నవ్వాను. "ఇంట్లో అందరూ బాగున్నారా అండీ?" అన్నాను.

ఆయన అద్దంలో నన్ను చూశాడు. కత్తి తీసి పక్కకు పట్టుకున్నాను. "ఆవిడ పోయిందండీ. ఇరవై మూడు రోజులైంది" అన్నాడు. మెల్లగానే అన్నాడు, టైమెంతయిందంటే చెప్పినట్టు.

తర్వాత మిగతా గడ్డం గీశాను. ఆయన లేచి వెళ్ళిపోయాడు. అంతే జరిగింది.

కుర్చీలో మనిషికి కళ్ళు చెమ్మగిల్లితే ముఖం మీద వేడి తువ్వాలు వేసి, కత్తి నూరుకుంటున్నట్టు అటు తిరగాలి. లోపల ఆయన పని ఆయన చూసుకుంటాడు. నాన్న దగ్గర చూసి నేర్చుకున్నాను. ఏ పుస్తకంలోనూ లేదు. శనివారం అది కూడా తోచలేదు నాకు.

సాయంత్రం షట్టరు దించాక రేడియోని అడిగాను. అతనికి మొదటినుంచీ తెలుసు. ఆవిణ్ణి వేరే ఊళ్ళో ఆసుపత్రికి తీసుకెళ్ళడం, అక్కడే పోవడం, అన్నీ తెలుసు. "ఎందుకు చెప్పలేదురా?" అంటే, "మాట్లాడుకోకూడదన్నారు కదా మామా. నేను నోరు మూసుకున్న నెలే నీకు వార్తలు కావాల్సొచ్చాయా?" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఆవిడ అతన్ని తమ్ముడూ అనేదట.

జూలై 26, శుక్రవారం

మధ్యాహ్నం ఇంట్లో బల్ల మీది గడియారం పట్టుకుని గడియారాలాయన షాపుకి వెళ్ళాను. అది బాగానే నడుస్తోంది. చెప్పాల్సింది దారిలో మూడుసార్లు అనుకున్నాను.

ఆయన కంటికి భూతద్దం పెట్టుకుని ఉన్నాడు. గడియారం బల్ల మీద పెట్టాను. టిక్కు టిక్కు అంటోంది. ఆయన దాన్ని చూశాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు, వెనక మూత తీసి చాలాసేపు లోపలికి చూశాడు. నేను నిలబడ్డాను. షాపు నిండా గడియారాలు, ఒక్కొక్కటి ఒక్కో టైము చూపిస్తున్నాయి. ఆయన మూత పెట్టేసి, చిన్న చీటీ మీద ఏదో రాసి దారంతో కట్టాడు.

"వచ్చే శనివారం తీసుకెళ్ళండి" అన్నాడు.

"అలాగేనండీ" అని వచ్చేశాను.

గడియారం ఏదని మా ఆవిడ అడిగింది. బాగుచేయడానికి ఇచ్చానన్నాను. దానికేమైందంది. తెలియదన్నాను.

జూలై 29, సోమవారం

పోయిన సోమవారం రాసింది మళ్ళీ చదివాను. ఒక మాట రాయలేదు.

ఆవిడ పోయిందండీ, ఇరవై మూడు రోజులైంది అని ఆయన అన్నాడు. నేను "చాలా సంతోషమండీ" అన్నాను.

నవ్వుతూనే అన్నాను.

జూలై 30, మంగళవారం

నాకు తెలియదని కూడా రాశాను.

గడ్డం చేత్తో పట్టుకుంటే మనిషి ఎన్నాళ్ళుగా అద్దం చూసుకోలేదో తెలుస్తుంది. బద్ధకంతో పెరిగిన గడ్డం వేరు. గుమ్మం దగ్గర ఆవిడ లేదు. గుండీ వేలాడుతోంది. ఆవిడ ఉంటే ఆ చొక్కాతో ఆయన్ని గడప దాటనిస్తుందా? నురుగు పట్టిస్తున్నప్పుడే నా చేతికి తెలిసింది. తెలిసే అడిగాను. నోటుబుక్కాయన చూస్తున్నాడని అడిగాను.

ఆగస్టు 3, శనివారం

ఆయన రావాల్సిన శనివారం. రాలేదు.

మధ్యాహ్నం గడియారం తెచ్చుకోవడానికి నేనే వెళ్ళాను. "ఏమీ లేదు. కాస్త దుమ్ము" అన్నాడు. ఇప్పుడు ఇంకా బాగా నడుస్తోంది. ఈసారి చెబుదామని గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగాను. ఆయన అప్పటికే భూతద్దం పెట్టేసుకున్నాడు. ఆ కంటితో చూస్తే నేను మసగ్గా కనబడి ఉంటాను. అదీ ఒకందుకు మంచిదే.

చీటీ మీద అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. "తీసుకున్నది 26వ తేదీ, 2 గంటల 17 నిమిషాలు" అని ఉంది. పారేయబుద్ధి కాలేదు. ఈ నోటుబుక్కులో పెట్టుకున్నాను.

ఆగస్టు 7, బుధవారం

నోటుబుక్కాయన ఈ రోజు పని అయ్యాక లేవలేదు. చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళాడు. "ఈ వీధిలో మీ అంత ఆప్యాయంగా పలకరించినవాళ్ళు లేరు పెద్దాయనా" అన్నాడు. ఇక మార్కులు చెబుతాడనుకున్నాను. సంచీలోంచి కాగితాలు తీశాడు. జీవిత బీమా.

ఇన్నాళ్ళూ ఆ నోటుబుక్కులో రాసుకున్నది ఎవరు ఏ వయసువాళ్ళు, ఎవరు దగ్గుతున్నారు అని. నా పేరు పక్కన పెద్ద ప్రశ్నార్థకం వేసుకున్నాడు.

ఈయన కోసం అడిగాను నేను ఆ మాట.

ఆగస్టు 12, సోమవారం

మేనేజరమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. "బాబాయ్, తొంభై నాలుగు" అంది. తర్వాత గుర్తొచ్చి, "మూడో నంబరు గారూ" అంది. పదకొండు షాపుల్లో ఇంతవరకు ఎవరికీ రాలేదట. కాగితం నా చేతికే ఇచ్చింది చూసుకోమని. పేరు ఉండే చోట ముక్క కత్తిరించేశారు.

పేరు అక్కర్లేకపోయింది. అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. తేదీ జూలై 20. "10 గంటల 42 నిమిషాలకు కుర్చీలో కూర్చున్నాను" అని ఉంది.

ఒక్కొక్కటీ చదివాను.

కుటుంబ క్షేమం అడిగారా? అడిగారు. చిరునవ్వుతో అడిగారా? అవును. మీ జవాబు విన్నాక సంతోషం తెలియజేశారా? తెలియజేశారు. మూడింటికీ నిండా మార్కులు. ఆరు మార్కులు ఎక్కడ తగ్గాయంటే, పళ్ళు సరిగా కనబడలేదట.

అన్నిటికన్నా కింద, "మీకు ఎలా అనిపించింది?" అని ఉంది. అక్కడ ఒక మాట రాసి, కొట్టేసి, పక్కన "బాగుంది" అని రాశాడు. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే కొట్టేసిన మాట కనబడేది. ఎత్తి పట్టుకోలేదు. ఆయన కొట్టేసిన మాట అది.

మేలోనే ఒప్పుకుని ఉంటాడు ఈ పని. అప్పుడు ఆవిడ బాగానే ఉంది. ఒప్పుకున్నాక మానడం ఆయనకు బాగోలేదనిపించి ఉంటుంది. ఆ రోజు గడ్డం గీయించుకోవడానికి కాదు వచ్చింది. కాగితం నింపాలి కాబట్టి వచ్చాడు. నింపి, నేను మాట తప్పకుండా అన్నీ చేశానని రాశాడు. అందులో ఒక్క అబద్ధం లేదు.

నాకు చేతులు జోడించాలని ఉంది. జోడిస్తే ఆ కాగితం చెల్లదు, ఆయన పరువు పోతుంది, నా కుర్చీ పోతుంది. తప్పయిందని చెప్పుకోవాలన్నా అంతే. చీటీ ముక్క తీసి, కాగితం పక్కన పెట్టి చూసుకునే అవసరం కూడా రాలేదు.

"ఏంటి బాబాయ్, సంతోషంగా లేదా?" అంది ఆ అమ్మాయి.

"చాలా సంతోషం" అన్నాను.

ఆగస్టు 14, బుధవారం

మూడో కాగితం శనివారం. ఈసారి మార్కుల మనిషి లేడు. పెద్దాఫీసునుంచి ఒక సారు వచ్చి కుర్చీ వెనకే నిలబడి స్వయంగా రాస్తాడట. తొంభై నాలుగు ఎలా వచ్చాయో కళ్ళారా చూడాలట.

ఎవరొచ్చి కూర్చుంటే వారి మీదే పరీక్ష. శనివారం.

పదిహేడో తేదీ. లెక్క చూసుకున్నాను. ఆయన రావాల్సిన శనివారం.

ఆగస్టు 15, గురువారం

రాడు. క్రితంసారి రాలేదు కదా.

ఆగస్టు 19, సోమవారం

కుర్చీ నాకే ఉంచారు. ఎలా ఉంచారో రాయాలి. శనివారంనుంచీ రాద్దామనుకుంటూ తిరుగుతున్నాను.

పెద్ద సారు తొమ్మిదిన్నరకే వచ్చాడు. చేతిలో అట్ట, దాని మీద కాగితం. పదిన్నర దాకా నా కుర్చీలోకి ఎవరూ రాలేదు. వచ్చిన ఇద్దరినీ రేడియో లాక్కున్నాడు. కావాలనే లాక్కున్నాడో, అలవాటో. పదిన్నర దాటింది. ఎదురుగా గడియారాలాయన షాపు తలుపు దగ్గరగా వేయడం కిటికీలోంచి చూశాను. రోడ్డు దాటుతున్నాడు.

మేనేజరమ్మ నా పక్కకు వచ్చి తువ్వాళ్ళు సర్దుతున్నట్టు నిలబడింది. "బాబాయ్, ఏడోది మర్చిపోకండి. ఈ షాపు మార్కుల మీదే నా ఉద్యోగం కూడా" అంది. జూలై 20న కౌంటరు దగ్గర ఆ అమ్మాయి ఉంది. ఆ రోజు మాటలు విన్నదో లేదో నేనెప్పుడూ అడగలేదు, తనూ చెప్పలేదు.

ఆయన వచ్చి కూర్చున్నాడు. శుభోదయం చెప్పాను. గుండీ కుట్టి ఉంది. నల్ల గుండీ, తెల్ల దారం. మగవాడు కుట్టిన కుట్టు. గడ్డం నాలుగు వారాలది. నురుగు పట్టించాను. పెద్ద సారు బూట్లు నా వెనకే ఉన్నాయి, అడుగు కూడా దూరం లేదు. అద్దంలో నలుగురం కనబడుతున్నాం. నేను, ఆయన, సారు, తువ్వాళ్ళు పట్టుకుని ఆ అమ్మాయి. రేడియో కత్తెర చప్పుడు ఆగిపోయింది.

నాలుగోదీ ఐదోదీ ఆరోదీ చేశాను. బుగ్గ గీశాను. గొంతు దగ్గరికి వచ్చాను.

సారు పెన్ను కాగితం మీద ఆనింది.

నవ్వు పెట్టుకున్నాను. నోరు తెరిచాను. నూరుసార్లు వల్లించిన మాట అది, తోస్తే దొర్లుతుంది. మూసేశాను. కుర్చీ పోతే పోయిందనుకున్నాను. అనుకున్నానో, గొంతే రాలేదో. ఇప్పుడు రాస్తుంటే మాత్రం అనుకున్నాననే రాయాలని ఉంది.

కత్తి ఆగి ఉంది. ఆయన అద్దంలో నన్ను చూశాడు, నా వెనక సారునీ చూశాడు, అట్టనీ చూశాడు. కాగితం నింపినవాడు కదా, ఆయనకు తెలుసు ఇప్పుడు ఏ నంబరు రావాలో. మెల్లగా చెయ్యెత్తి నా మణికట్టును కొంచెం పక్కకు జరిపాడు. గొంతు సవరించుకున్నాడు.

"మా ఇంట్లో అందరూ బాగున్నారండీ. అడిగారు, చాలా సంతోషం" అన్నాడు. రోడ్డు మీదికి వినబడేంత గట్టిగా అన్నాడు. ఇరవై రెండేళ్ళలో ఆయన గొంతు అంత పైకి లేవడం నేను వినలేదు.

తర్వాత తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నాడు.

సారు పెన్ను కదల్లేదు. "ఇతను అడిగినట్టు నాకు వినపడలేదే?" అన్నాడు మేనేజరమ్మతో.

"అడిగారు సార్" అంది ఆ అమ్మాయి. "మెల్లగా మాట్లాడతారు. నేను విన్నాను."

రేడియో ఏదో అనబోయాడు. పదకొండో మర్యాద పుణ్యమా అని అనలేదు. కత్తెర మళ్ళీ మొదలైంది.

సారు రాసుకున్నాడు. తర్వాత చదివి వినిపించారు. ఎనభై ఒకటి. గొంతు పెంచుకోవాలని సలహా.

నేను మిగతా గడ్డం గీశాను. చెయ్యి వణకలేదు. ఆయన లేచాడు, తువ్వాలు మడిచి ఇచ్చాడు, తలూపాడు. నేనూ తలూపాను. ఆయన రోడ్డు దాటేదాకా కిటికీ దగ్గరే నిలబడ్డాను. తర్వాతి మనిషి వచ్చి కూర్చున్నాడు. శుభోదయం చెప్పాను.

ఆ ఇంట్లో అందరూ అంటే ఇప్పుడు ఆయన ఒక్కడే. ఆ ఒక్కడూ బాగున్నాడో లేదో అడగాల్సినవాడిని నేను. ఎప్పటికైనా కత్తి చేతిలో లేనప్పుడు అడగాలి. నా సంగతి నాకు తెలుసు. అడగను. ఇంకో గడియారం పట్టుకెళ్తానేమో.

సారు కాగితంలో నేను అడిగానని ఉంది. మేనేజరమ్మ విన్నానంది. గడియారాలాయన జవాబు కూడా చెప్పాడు. అంత మర్యాదస్తులు ముగ్గురు చెప్పినదాన్ని బయట కాదనడం నా వల్ల కాదు. అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను.

నేను అడగలేదు.